ఉష్షమ్మ చెవులు

మా అత్తయ్యకు చెవులు దెబ్బతిన్నాయని నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే తరవాతది తలెత్తుకుని చెప్పొచ్చు.

ఆవిడ పని పియానోలకు శ్రుతి చెయ్యడం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. పియానోలో చాలా మీటలకు ఒక్కొక్కదానికి మూడేసి తీగలుంటాయి. మీట నొక్కితే మూడూ ఒకే గొంతుతో పలకాలి. ఏ ఒక్కటి వెంట్రుకవాసి జారినా మధ్యలో సన్నటి అల లేస్తుంది. మనలాంటివాళ్లకు "ఏదో తేడాగా ఉంది" అన్నంతవరకే తెలుస్తుంది. అత్తయ్య మాత్రం ఏ తీగ జారింది, ఎటు జారింది, ఎంత జారింది, అన్నీ చెప్పేస్తుంది. దళసరి ఉన్నిగుడ్డలాంటి ఎర్ర ఫెల్టు పట్టీ తీసి రెండు తీగల నోళ్లు మూస్తుంది. మిగిలిన ఒక్కదాన్ని పలికించి, ఉక్కు పిడితో దాన్ని చుట్టిన మేకును రవ్వంత తిప్పుతుంది. అది దారికొచ్చాక రెండోది, ఆ తరవాత మూడోది.

సంగీతం బడిలో ఇరవై మూడు పియానోలున్నాయి. ఏటా పరీక్షల ముందు ఇరవై మూడింటినీ ఆవిడే శ్రుతి చేస్తుంది. పని చేస్తున్నంతసేపూ వరండాలో ఎవరు అడుగు వేసినా "ఉష్" అంటుంది. పిల్లలు ఉష్షమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "పెట్టుకోనీ. నోరు మూసుకుని పెట్టుకోమను" అంటుంది.

ఇంట్లోనూ ఇదే వరస. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్ని స్నానాల గదికి తరిమేసింది. ఫ్రిజ్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు దోపింది. నేను కోడలిగా ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నాకు మెత్తటి చెప్పుల జోడు కొనిచ్చింది. ఎంత ప్రేమో అనుకుని పొంగిపోయాను. నెల తరవాత తెలిసింది, నా నడక చప్పుడు భరించలేక కొన్నదని.

ఆవిడ అరవై నాలుగో పుట్టినరోజుకు మా ఆయన రెండు మంచి స్పీకర్లు, పాటలు వెతుక్కోవడానికి ఒక టాబ్లెట్ తెచ్చాడు. రికార్డింగులో ఏముందో అంతా, ఏమీ కుదించకుండా నెట్‌లో వినిపించే సర్వీసు ఒకటుందట, దానికి చందా కూడా కట్టాడు. స్పీకర్లు ఆవిడ వెనక గదిలో పెట్టాలి. ఆ గదిలో ఒక పాత పియానో, ఒక కుర్చీ, తీగల చుట్టలూ పనిముట్లూ దాచుకునే ఇనప బీరువా తప్ప ఇంకేమీ ఉండవు. ముందుగది రూటర్ నుంచి అక్కడికి సిగ్నల్ అందదు, మధ్యలో రెండు గోడలూ స్నానాల గదీ అడ్డం. అందుకని సిగ్నల్‌ని దారిలో అందుకుని వెనక్కి అందించే అరచేతంత రిపీటర్ ఒకటి తెచ్చి, ఆ గది గుమ్మం పక్కన ప్లగ్గుకు తగిలించాడు.

మొదటి రెండు వారాలూ ఆవిడ ఆనందం చూడాలి. "వాయించేవాడు కాలు పైకి తీస్తే పెడల్ లేచిన చప్పుడు కూడా వినపడుతోందిరా!" అని కొడుకు భుజం పట్టుకుని ఊపేసింది. కళ్లల్లో నీళ్లు. నాకు పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు.

మూడో వారం నుంచి గొడవ మొదలైంది.

"పాట మధ్యలో పాడవుతోందిరా. పైస్థాయి తీగలు నీళ్లలో మునిగినట్టు వినపడుతున్నాయి. కాసేపటికి మళ్లీ తేలుతున్నాయి" అంది.

మా ఆయన విన్నాడు. నేనూ విన్నాను. పాట ఆగలేదు, తెగలేదు, చక్కగా వస్తోంది. మా ఆయన ఫోన్ తీసి చూశాడు. రూటర్ పక్కన పచ్చ చుక్క, రిపీటర్ పక్కన పచ్చ చుక్క, స్పీకర్ల పక్కన పచ్చ చుక్క. "అన్నీ కనెక్ట్ అయ్యే ఉన్నాయమ్మా" అన్నాడు.

"చుక్కల సంగతి నాకెందుకు? నా పాట సంగతి చూడు."

నెట్ కనెక్షన్ ఇచ్చినాయన వచ్చాడు. ముందుగదిలో నిలబడి ఫోన్లో స్పీడు కొలిచి, "దీనికన్నా ఎక్కువ ఈ వీధిలో ఎవరికీ రావట్లేదండీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో గొంతు తగ్గించి, "పెద్దావిడ కదమ్మా, చెవులు ఒకసారి చూపించండి" అన్నాడు. వెనక గదిలోంచి కేక వినిపించింది. "నా చెవులు బాగానే ఉన్నాయి నాయనా! ముందు మీ డబ్బాకి చూపించు!"

ఆయన చెప్పులు వేసుకున్నాడో లేదో, గుమ్మం దాటేశాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ మీది అక్షరాలు చదివించడమే నా ఉద్యోగం. చూపు తగ్గుతున్నవాళ్లు ఏనాడూ చూపు తగ్గిందని చెప్పరు. బల్బు మసకగా ఉందంటారు, అక్షరాలు అరిగిపోయాయంటారు, అద్దం తుడవలేదని నా మీద కసురుకుంటారు. వాళ్లను రోజూ చూసే నాకు అత్తయ్య మాటలు అచ్చం అలాగే అనిపించాయి. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన నావైపు చూశాడు, నేను ఆయనవైపు చూశాను. ఇద్దరమూ ఏమీ అనలేదు. మేం అనకపోయినా ఆవిడ వినేసింది.

చెవుల డాక్టర్ దగ్గరికి ఒక్కసారి వెళ్దామన్నాడు మా ఆయన.

"వెళ్తే? వాళ్లిచ్చే కాగితం మీద గీత ఎక్కడో ఒకచోట కిందికి దిగుతుంది, అరవై నాలుగేళ్లకి ఎవరికైనా దిగుతుంది. నన్ను మాన్పించడానికి బడివాళ్లకి ఆ గీత చాలు. నేను వినేది ఒక్క చెవులతోనే అనుకున్నావురా? ముప్ఫై ఒక్క ఏళ్లతో వింటాను. ఆ ఏళ్లని ఏ మిషన్ కొలుస్తుంది?"

మా ఆయన నీళ్లు నమిలాడు. ఎందుకు నమిలాడో బుధవారం బయటపడింది.

బుధవారం పొద్దున్న బడి ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది. మంచి మనిషే, మర్యాదగానే మాట్లాడింది. ఈ ఏడు పియానోలకు వేరే ఆయన్ని మాట్లాడుకున్నామంది. ఫోన్లో మీటర్ చూసి శ్రుతి చేస్తాడట, తొందరగా అయిపోతుందట. "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా. మీ అబ్బాయి చెప్పారు, మీకు ఈమధ్య సరిగ్గా వినపడటం లేదని."

అత్తయ్య ఫోన్ కింద పెట్టలేదు. దాన్ని చేత్తో పట్టుకునే కొడుకువైపు తిరిగింది.

"నువ్వు చెప్పావా?"

"నీకు పని తగ్గించమని చెప్పానమ్మా. అంతే. నీ మంచికే..."

"నా మంచి!" అంది. అంత చిన్న మాటలో అంత కోపం పడుతుందని నాకు తెలియదు. తరవాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి గొంతు నిమ్మళంగా ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మేడం, ఆదివారం పదింటికి మా ఇంటికి రండి. నా చెవులకి మీరే పరీక్ష పెట్టండి. నేను తప్పితే నా పిడి మీ చేతికే ఇచ్చేస్తాను. ఇంక ఏ పియానో మీదా చెయ్యి వెయ్యను. తప్పకపోతే ఇరవై మూడూ నావి."

అవతల ఆవిడ కాసేపు తటపటాయించి సరేనంది. తాడో పేడో తేలిపోవాలి, మధ్యలో నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య ఇంటిని పియానో కింద జమకట్టింది. అన్నిటి నోళ్లూ మూసి ఒక్కదాన్నే పలికించడం, అదే ఆవిడకు వచ్చిన పద్ధతి. ముందు అన్ని ఫోన్లూ ఆపించింది, టీవీ ఆపించింది. మా ఆయన ఇంట్లోంచే వీడియో కాల్స్‌లో ఇన్సూరెన్స్ అమ్ముతాడు, అది ఆపించింది. "నా ఉద్యోగం అమ్మా!" అని మొత్తుకున్నాడు. "నాదీ ఉద్యోగమే. నువ్వే పోగొట్టావు" అంది. ఆయన కిమ్మనకుండా లాప్‌టాప్ మూశాడు. తరవాత ఒక్కొక్కటే తెరిపించింది. కొడుకు వీడియో కాల్‌లో ఉంటే పాట ఎక్కువసార్లు మునుగుతోంది. అన్నీ ఆపేస్తే మునగడం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ప్రతిదీ గంటా నిమిషంతో సహా పాత కేలండర్ వెనక రాసుకుంది.

గురువారం నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆ కేలండర్ నిండిపోయి ఉంది. ఆవిడ కుర్చీలో ముందుకు వంగి, కళ్లు మూసుకుని వింటోంది. జాలిపడ్డాను, అదే నా బుద్ధితక్కువ. పక్కన కూర్చుని టాబ్లెట్ అటూ ఇటూ తిప్పుతుంటే, పాట పేరు కింద మూలన ఒక అంకె కనిపించింది. ఏమిటా అని దాని మీద నొక్కాను. పాట ఇప్పుడు ఎంత నిండుగా వస్తోందో చెప్పే అంకె అది. సిగ్నల్ బలంగా ఉంటే పెద్ద అంకె, బలహీనపడితే పాట ఆగిపోకుండా దానంతటదే పలచబడి చిన్న అంకె. పాట ఆగదు కాబట్టి మాలాంటివాళ్లకు తెలియదు.

"పోయింది" అంది అత్తయ్య, కళ్లు తెరవకుండా.

అంకె చూశాను. చిన్నదైంది.

"వచ్చింది."

పెద్దదైంది.

కుర్చీ గోడవైపు తిప్పి కూర్చోమన్నాను. దుకాణంలో నేను చేసేదీ ఇదే. అక్షరాలు బట్టీపట్టినవాళ్లను పట్టుకోవడానికి అట్ట మారుస్తాం. ఆవిడ ఎప్పుడూ వినని పాటలు నాలుగు మార్చి మార్చి వేశాను. నలభై నిమిషాల్లో పదిహేడుసార్లు "పోయింది" అంది. పదిహేడుసార్లూ అంకె పడింది. అంకె పడ్డాక ఆవిడ అనకుండా ఊరుకున్నది ఒక్కటీ లేదు.

"అత్తయ్యా, నేను కూడా మీకు వినపడట్లేదనే అనుకున్నాను" అన్నాను.

"తెలుసు. నువ్వు నాతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టి నెలైంది" అంది. "వాడికి చెప్పకు. ఆదివారం వాడూ అందరితో పాటే చూడనీ."

శనివారం మధ్యాహ్నం అసలు సంగతి జరిగింది. మా ఆయన బయటికి వెళ్లాడు. పాట నడుస్తోంది, మునిగి ఉంది. పాత పియానోకు ఏదో సరిచేద్దామని అత్తయ్య ఇనప బీరువా తెరిచి ఫెల్టు పట్టీ కోసం వెతుకుతోంది. పది లెక్కపెట్టేలోపు పాట తేలింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పట్టీ తీసుకుని తలుపు మూసింది. పాట మునిగింది. మళ్లీ తెరిచింది, తేలింది. నావైపు తిరిగింది. ఆవిడ మొహంలో రంగు లేదు.

"అమ్మాయ్, ఆ డబ్బా ఇందులోనే ఉంది" అంది.

పై అరలో, తీగల చుట్టల వెనక, ఎర్ర ఫెల్టు గుడ్డలో పొట్లం కట్టి రిపీటర్. బీరువా వెనక గోడ ప్లగ్గు నుంచి, చిల్లులోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లోపలికి లాగి, తగిలించి మరీ పెట్టింది.

"సన్నగా ఈల వేస్తోందే అది, రాత్రీ పగలూ. పాట వింటుంటే దాని వెనక చెవిలో జోరీగలా అదొకటి. భరించలేక ఇందులో పెట్టాను. గోడలు దాటొచ్చేది బీరువా తలుపు దాటదా అనుకున్నాను" అంది.

ఇటుక గోడ వేరు, ఇనప పెట్టె వేరు అని ఆవిడకు ఎవరు చెప్పారు? మా ఆయన పచ్చచుక్క చూసి సరిపెట్టుకున్నాడు గాని, గుమ్మం పక్కన ప్లగ్గు ఖాళీగా ఉందని ఒక్కసారీ చూడలేదు. నేనూ చూడలేదు. రోజూ ఆ ప్లగ్గు పక్కనుంచే నడిచాను, మెత్తటి చెప్పులతో.

"అత్తయ్యా, రేపు పరీక్ష అయ్యేదాకా దీన్ని ఇందులోనే ఉండనిద్దాం. ఆవిడ వెళ్లాక చడీచప్పుడు లేకుండా తీసేద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"పరీక్ష అయ్యేదాకా ఉండనీ, సరే. తరవాత ఎందుకు దాచాలి? తప్పు చేసింది నా బుర్ర. ఆ బుర్ర తక్కువదని ఒప్పుకుంటా, నలుగురి ముందూ ఒప్పుకుంటా. చెవులు తక్కువవని మాత్రం ఒప్పుకోను. తెలిసిందా?"

ఆదివారం సరిగ్గా పదింటికి ప్రిన్సిపాల్ వచ్చింది. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుంది. పిడిని పియానో మూత మీద, అందరికీ కనపడేట్టు పెట్టింది. చెక్క పట్టు ఆవిడ అరచేతికి అరిగి నున్నబడ్డ పిడి. అది అక్కడ అలా పడి ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. మా ఆయన్ని పక్కగదిలో వీడియో కాల్ పెట్టుకుని కూర్చోమంది. ఎందుకో తెలియకపోయినా పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ప్రిన్సిపాల్‌కు టాబ్లెట్ ఇచ్చి అంకె సంగతి చెప్పాను. పాటలు ఆవిడే ఎంచుకుంది. అత్తయ్య గోడవైపు తిరిగి కూర్చుంది.

"పోయింది." అంకె పడింది. "వచ్చింది." లేచింది. ఇలా తొమ్మిదిసార్లు. మా ఆయన మొహంలో రంగులు మారుతున్నాయి. ప్రిన్సిపాల్ కనుబొమలు పైకెక్కి అక్కడే ఉండిపోయాయి.

పదోసారి, కొత్త పాట మధ్యలో అత్తయ్య "చెడింది" అంది.

ప్రిన్సిపాల్ టాబ్లెట్ చూసింది. మళ్లీ చూసింది. "ఈసారి అంకె మారలేదమ్మా" అంది మెల్లగా.

నా కళ్లు పిడి మీదికి పోయాయి. మా ఆయన ఒక అడుగు ముందుకేసి "పోనీలేమ్మా..." అన్నాడు.

"ఉష్!" అంది అత్తయ్య. "మేడం, అరనిమిషం వెనక్కి తిప్పి మళ్లీ వెయ్యండి. నేను 'పోయింది' అనలేదు, 'చెడింది' అన్నాను. ఇది నెట్ పని కాదు. ఆ వాయించినాయన పియానో పని. నడి మీటకి కాస్త పైన ఒక మీట ఉంది, దాని మూడు తీగల్లో ఒకటి జారింది. అదిగో... అదిగో, వినండి."

ప్రిన్సిపాల్ కళ్లు మూసుకుంది. ఆవిడా పియానో మనిషే కదా. ఒకసారి వింది. వెనక్కి తిప్పి మళ్లీ వింది. మూడోసారి విన్నాక టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని, "ఈ రికార్డింగు నా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంది. నేనెప్పుడూ..." అని ఆగిపోయింది.

అత్తయ్య కుర్చీ ఇటు తిప్పుకుంది. గెలిచింది. అక్కడితో ఆపేసి ఉంటే అంతా హాయిగా ఉండేది. నేను కళ్లతోనే వద్దని చెప్పాను. ఆవిడ లేచి తిన్నగా వెళ్లి బీరువా తలుపు బార్లా తెరిచింది. ఎర్ర గుడ్డ పొట్లం తీసి, విప్పి, కొడుకు చేతిలో పెట్టింది.

"ఇదిగో నీ డబ్బా. పాటని ముంచింది ఇదే. ఇందులో పెట్టి మూసింది నేనే."

మా ఆయన నోరు వెళ్లబెట్టాడు. "ఇనప బీరువాలోనా? అమ్మా, నెల రోజులుగా మా అందరి ప్రాణాలూ తోడేశావే!"

"తోడేశాను. తప్పు నాదే. ఎందుకు పెట్టానో అడగవేం?"

"ఎందుకు?"

"ఈల వేస్తోంది."

మా ఆయన దాన్ని మళ్లీ ఆ ఎక్స్‌టెన్షన్ వైరుకే తగిలించి, నేల మీద పెట్టి చెవి వంచాడు. ఏమీ లేదన్నాడు. నేనూ వంగాను, నాకూ ఏమీ లేదు. ప్రిన్సిపాల్ మోకాళ్ల మీద కూర్చుని, చెవి డబ్బాకు ఆనించి, ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి "ఉంది" అంది. "చాలా సన్నగా ఉంది."

"నాకు ఆ కుర్చీలోకి వినపడుతుంది" అంది అత్తయ్య. పియానో దగ్గరికి వెళ్లి, కుడివైపు చివరి నుంచి లెక్కపెట్టి ఐదో మీట నొక్కింది. చిన్న గాజుముక్క రాలినట్టు మోగింది. "ఇదే కదూ?"

ప్రిన్సిపాల్ డబ్బాకు ఆనించిన చెవి తియ్యకుండానే తల ఊపింది. అలా నేల మీద కూర్చునే నవ్వడం మొదలుపెట్టింది. మా ఆయన నవ్వలేదు. డబ్బా వైపు చూశాడు, గుమ్మం పక్కన ఖాళీ ప్లగ్గు వైపు చూశాడు, వాళ్లమ్మ వైపు చూశాడు.

"నేను బడికి ఫోన్ చేసి చెప్పకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు.

"ఉండాల్సింది. నాకు చెప్పి ఉండాల్సింది. వినపడేది కదా" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నమంతా మా ఆయన నిచ్చెన మీదే. ముందుగది రూటర్ నుంచి వెనక గది స్పీకర్ల దాకా ఒకటే పొడుగాటి వైరు, గోడవారగా, ప్రతి జానెడుకీ ఒక క్లిప్పు. రిపీటర్ అక్కర్లేదు, సిగ్నల్ గాల్లో అందుకోనక్కర్లేదు. కింద కుర్చీలో అత్తయ్య కూర్చుని, సుత్తి దెబ్బ దెబ్బకీ మొహం చిట్లిస్తూ, "తీగ వంకర పోతోందిరా, బిగించి లాగు" అని పురమాయిస్తోంది. సాయంత్రం పాట పెట్టాం. అంకె పెద్దదై అక్కడే నిలబడింది. ఆవిడ అంకె వైపు చూడను కూడా లేదు.

ఆ ఫోన్ మీటర్ ఆయన్ని ఏం చెయ్యమంటారని ప్రిన్సిపాల్ వెళ్లేముందు అడిగింది. రమ్మనండి, నా పక్కన నిలబడి ఫెల్టు పట్టీలు అందిస్తే నాలుగు ముక్కలు నేర్పుతానంది అత్తయ్య. పియానో మూత మీంచి పిడి తీసుకుని, చీర చెంగుతో ఒకసారి తుడిచి, సంచిలో వేసుకుంది.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ బడికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెళ్లాను. "జాగ్రత్త అత్తయ్యా" అన్నాను, మామూలు గొంతుతోనే.

ఆవిడ మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. "వినపడింది" అని చెప్పి వెళ్లిపోయింది.